రష్యాలో డార్విన్: సైన్స్ చరిత్ర పేపర్‌కి ఈ టాపిక్ ఎలా చదవాలి

మిత్రులారా, రష్యాలో పరిణామ సిద్ధాంతం అనగానే చాలామంది సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకోతో మొదలుపెట్టి లైసెంకోతోనే ఆపేస్తారు. మార్కులు పోయేది అక్కడే. ముందు 1860 నుంచి 1900 వరకు గట్టిగా చదవండి. అది వస్తే లైసెంకో భాగం సగం వచ్చినట్టే.

ఈ టాపిక్ మొత్తానికీ ఇరుసు ఒకటే. రష్యన్ జీవశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది పరిణామాన్ని ఒప్పుకున్నారు, డార్విన్ ఆధారపడ్డ ఇంగ్లీషు ఆర్థికవేత్త మాల్థస్‌ని మాత్రం ఒప్పుకోలేదు. తిండి కన్నా సంతతి వేగంగా పెరుగుతుంది కాబట్టి ఒకే జాతి జీవులు తమలో తాము పోటీపడతాయన్న మాట వాళ్లకు మింగుడుపడలేదు. ఎందుకో రాయగలిగితేనే జవాబుకు బలం. విశాలమైన నేల, పలచని జనాభా, సైబీరియాలో మందలకు మందల్ని చంపేసే మంచు తుపానులు: వాళ్లు కళ్లారా చూసిన పోరాటం జీవికీ వాతావరణానికీ మధ్య జరిగేది. దానికి తోడు 1861లో వెట్టి రైతాంగ వ్యవస్థ రద్దయ్యాక గ్రామ సమష్టి (ఊరి భూమిని రైతులు ఉమ్మడిగా పంచుకునే పద్ధతి) మీద దేశమంతా చర్చ నడుస్తోంది. పోటీయే ప్రగతి అనే ఇంగ్లీషు ఆర్థికశాస్త్రం వాళ్లకు పరాయిగా తోచింది.

పేర్లు ఈ వరసలో పట్టుకోండి. డార్విన్ ‘జాతుల ఉత్పత్తి’ పుస్తకాన్ని 1864లో రష్యన్‌లోకి తెచ్చింది వృక్షశాస్త్ర ఆచార్యుడు రచిన్‌స్కీ. దాన్ని జనంలోకి తీసుకెళ్లింది వృక్షశాస్త్రవేత్త తిమిర్యాజెవ్. జీవులు పరస్పరం సాయం చేసుకోవడం కూడా ప్రకృతి నియమమేనని జంతుశాస్త్రవేత్త కెస్లర్ 1879 డిసెంబర్‌లో ప్రసంగించాడు. అది అచ్చయింది 1880లో, అందుకే రెండు సంవత్సరాలూ కనిపిస్తాయి. అరాచకవాది, ప్రకృతి పరిశీలకుడు క్రొపొట్కిన్ ‘పరస్పర సహాయం’ పుస్తకం 1902లో వచ్చింది. పరస్పర సహాయం ఆలోచన మొత్తం క్రొపొట్కిన్‌దే అని రాయకండి, ఆయనే కెస్లర్‌కి రుణపడ్డానని చెప్పుకున్నాడు. ఆయన ప్రకృతి వరణాన్ని తోసిపుచ్చాడని కూడా రాయకండి. కఠినమైన పరిసరాల్లో కలిసి బతికేవే నిలుస్తాయన్నది ఆయన వాదం. పూర్తిగా ఎదురు తిరిగినవాడు కావాలంటే 1885లో డార్వినిజాన్ని ఖండిస్తూ పుస్తకం రాసిన దనిలెవ్‌స్కీ. ఆయన తరఫున తత్వవేత్త స్త్రాఖోవ్, డార్విన్ తరఫున తిమిర్యాజెవ్ పత్రికల్లో తలపడ్డారు.

కొవలెవ్‌స్కీల దగ్గర తికమక తప్పదు, వాళ్లు అన్నదమ్ములు. అలెగ్జాండర్ పిండశాస్త్రవేత్త. అసిడియన్ (సముద్రంలో రాళ్లకు అంటుకుని బతికే జీవి) డింభకంలో పృష్ఠవంశం (నోటోకార్డ్, వెన్నెముకకు ముందు రూపమైన కడ్డీ) ఉందని 1866లో చూపి, సకశేరుకాలకు అకశేరుకాలతో ఉన్న బంధుత్వాన్ని బయటపెట్టాడు. వ్లదీమిర్ గుర్రపు శిలాజాలు చదివినవాడు, గణితవేత్త సోఫియా భర్త. డార్విన్ మనిషి పుట్టుక గురించి రాసిన 1871 పుస్తకంలో అలెగ్జాండర్ పరిశోధనకు చోటిచ్చాడు. ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు, రష్యా తీసుకోవడమే కాదు, ఇచ్చింది కూడా అని తేలుతుంది.

సోవియట్ భాగంలో ముందు 1926 నాటి జన్యుశాస్త్రవేత్త చెత్వెరికోవ్ వ్యాసం ఉండాలి. అది జనాభా జన్యుశాస్త్రానికి (ఒక జాతి గుంపులో జన్యువులు ఎలా మారతాయో చూసే శాస్త్రం) పునాదుల్లో ఒకటి. అక్కడి నుంచి అమెరికా వెళ్లిన దొబ్జాన్‌స్కీ జన్యుశాస్త్రాన్ని పరిణామంతో కలిపిన 1937 పుస్తకానికి దారి కలుస్తుంది. మొక్కల జన్యుశాస్త్రవేత్త వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు, 1943లో సరాతోవ్ జైలులో చనిపోయాడు. లైసెంకో మాటే అధికారిక సిద్ధాంతమైన 1948 ఆగస్టు వ్యవసాయ అకాడమీ సమావేశం ఆయన పోయాక జరిగింది. ఈ రెండు తేదీలు తారుమారు చేస్తే జవాబు మొత్తం అనుమానాస్పదమవుతుంది. లైసెంకో డార్విన్‌ని తిట్టలేదని గుర్తుంచుకోండి. తనదే అసలైన డార్వినిజం అన్నాడు, మెండెల్ జన్యుశాస్త్రాన్ని కాదన్నాడు. ఒకే జాతిలో పోటీ లేదంటూ ఓక్ విత్తనాలను గుంపులుగా నాటించాడు. మాల్థస్ మీద పాత అభ్యంతరం ఇక్కడ మళ్లీ తలెత్తిందని చూపండి. కానీ కెస్లర్ నుంచి లైసెంకోకి నేరుగా గీత గీయకండి. కెస్లర్‌ది శాస్త్రీయ చర్చ, లైసెంకో వెనకున్నది ప్రభుత్వ బలం.

నోట్స్ ఒక్క పేజీలో నాలుగు గడులుగా రాసుకోండి: పేరు, సంవత్సరం, రంగం, సొంత జాతిలో పోటీ గురించి ఏమన్నాడు. నాలుగో గడి నిండని పేరును 250 పదాల జవాబులోకి తేవద్దు. అందులో 130 పదాలు మాల్థస్ వివాదానికి, 70 సోవియట్ కాలానికి, మిగతావి ఉపోద్ఘాతానికి.