ఆరు కోళ్లు, నూరు కోళ్ల మందు

హైదరాబాదులో అపార్టుమెంటు వదిలి, కళ్యాణదుర్గం దగ్గర మా అత్తగారి ఊరికి వచ్చి ఉండిపోవాలని అనుకున్నప్పుడు నేను భయపడినవి వేరు. కరెంటు కోతలకూ, వేళ తప్పి వచ్చే కుళాయి నీళ్లకూ, తెల్లవారకముందే మొదలయ్యే వీధి సందడికీ తొందరగానే అలవాటు పడిపోయాను. నన్ను నిజంగా ఊరివాళ్లలో కలిపినవీ, తిప్పలు పెట్టినవీ పెరట్లోకి తెచ్చుకున్న ఐదు పెట్టలూ ఒక పుంజూ.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు నాటుకోళ్ల కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి; నాటు పెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడితే బాగా పెట్టినట్టే. అయితే ఆ జాతులు సాధారణంగా పొదుగుకు కూర్చోవు కనుక, ప్రతిసారీ పిల్లలను కొనుక్కోవాలి. ఇంట్లోనే పిల్లలు కావాలన్న ఆశతో నేను నాటుకోళ్లనే ఎంచుకున్నాను. రాగి సంగటిలోకి పులుసు కుదురుతుందన్న ఆలోచనతోనే మా ఆయన వెంటనే ఒప్పుకున్నారని నా అనుమానం.

ముంగిస నేలను తవ్వుకుంటూ లోపలికి వస్తుందని పక్కింటి అవ్వ చెప్పడంతో గూటి అడుగున కడప బండలు పరిపించాం. కొత్త కోళ్లను వచ్చిన రోజే వదిలితే పాత ఇంటి దారి పడతాయని చెప్పి, కొన్నాళ్లపాటు వాటిని గంప కింద కమ్మించి, మేతా నీళ్లూ అక్కడే పెట్టించింది కూడా ఆమే.

మేత విషయంలో మాత్రం ఊరి అలవాటుకు నేను ఒప్పుకోలేకపోయాను. శెనక్కాయలు పండే ఊరు కాబట్టి తడిసి బూజు పట్టిన కాయలనూ, పాతబడిన శెనగ చెక్కనూ కోళ్లకు వేయడం ఇక్కడ మామూలే. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, కారణం వెతుకుతూ పోతే తేలింది దాణాలో కలిపిన వేరుశనగ చెక్కే. ఆ విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. అందుకని నేను కొర్రలు, సజ్జలు, నూకలతో సరిపెట్టుకున్నాను. అవ్వ నవ్వింది గానీ అడ్డు చెప్పలేదు.

అసలు పని కొక్కెర తెగులు టీకా దగ్గర మొదలైంది. మెడ మెలితిరిగి, రెక్కలు వాలి, పచ్చగా పారుకుంటూ వీధివీధంతా కోళ్లు పడిపోయే ఈ తెగులు తగిలాక మందు లేదు, ముందుగా టీకా వేయించుకోవడమే దారి. రెండు నెలలు దాటిన కోళ్లకు ఆర్‌టూబీ టీకాను రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు చొప్పున ఎక్కించాలనీ, వారం ముందుగా నులిపురుగుల మందు తాగించాలనీ, జబ్బుగా ఉన్నదానికి వేయకూడదనీ పశువైద్యశాలలో డాక్టరుగారు వివరించారు. తెలియని సంగతి ఆ తరువాత బయటపడింది: మందు వచ్చేది నూరు కోళ్లకు సరిపడే సీసాలో. ఐసులో పెట్టి తేవాలి, ఒకసారి కలిపాక రెండు గంటల్లోగా వాడేయాలి, మిగిలితే పారబోయవలసిందే. పైగా వీధిలో కోళ్లన్నీ కలిసి తిరిగేవే కాబట్టి, మావాటికి మాత్రమే వేయించి ఊరుకోవడంలోనూ అర్థం లేదు.

ఈ లెక్క అవ్వకు చెబితే, "నువ్వు మందు తెప్పించమ్మా, కోళ్లను పట్టిచ్చే పని నాది" అంది. పగలు కోడిని పట్టడం ఎవరి తరమూ కాదు. చీకటి పడ్డాక గూటిలో ముడుచుకున్నప్పుడైతే చేతికి తేలిగ్గా దొరుకుతుంది. అందుకే పొద్దుగూకాక టార్చీ పట్టుకుని, సిరంజీ వేయడం తెలిసిన పశువైద్యశాల సిబ్బందితో కలిసి ఇల్లిల్లూ తిరిగాం. అంతకుముందు నాతో మాట కలపని వాళ్లు కూడా చంకలో కోడిని ఇరికించుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు. వేయించుకున్నదేదో, లేనిదేదో తెలియడానికి ఎవరో కుంకుమ తెచ్చి తలల మీద బొట్లు పెట్టారు.

ఆ తరువాత ఒక పెట్ట పొదుగుకు వచ్చింది. అవ్వ పాత గంపలో ఇసుక పోసి, గుడ్లు సర్ది, ఉరుములకు అవి మురిగిపోకుండా ఒక బొగ్గు ముక్కనూ ఇనుప మేకునూ పక్కన ఉంచింది. దాని మీద నాకు నమ్మకం లేకపోయినా తీసేయలేదు. వారం తరువాత చీకట్లో టార్చీకి అడ్డంగా ఒక గుడ్డును పట్టి చూస్తే, ఎర్రటి సన్నని నరాలు సాలెగూడులా పాకి, మధ్యలో ఒక నల్లని చుక్క అదురుతూ కనిపించింది. ఏమీ కనిపించని వాటిని తీసేశాం. 21వ రోజున పిల్లలు పెంకు పొడుచుకుని బయటికి వచ్చాయి.

వారం లోపల వాటికి కంట్లోనో ముక్కులోనో అదే కొక్కెర తెగులుకు పిల్లలకు వేసే లసోటా టీకా ఒక్కొక్క చుక్క వేయాలి. అదీ నూరు పిల్లలకు సరిపడే సీసాయే. ఈసారి వీధిలో ఎవరికెన్ని పిల్లలున్నాయో లెక్క రాసే పని నాకు అప్పగించారు. మందు తెచ్చేది ఎదురింటివాళ్లు, ఐసు డబ్బా మాత్రం మాదే.