ప్రపంచీకరణ ఎస్సే: 1914 దగ్గర దొరికిపోయాను

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్న మిత్రులకు, జనరల్ ఎస్సేలో నేను బోల్తాపడిన చోటు ఒకటి చెప్తాను.

చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే రోజుల్లో మేం నలుగురం వారానికో ఎస్సే రాసి, ఒకరి పేపర్లు ఒకరం దిద్దుకునేవాళ్లం. ఓ వారం వచ్చిన అంశం: ప్రపంచీకరణ అంతర్జాతీయ శాంతికి, మానవ సంక్షేమానికి తోడ్పడుతుందా? 1991 సంస్కరణలు, 1995లో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ), అంతర్జాతీయ శాంతి గురించి చెప్పే రాజ్యాంగ ఆర్టికల్ 51, వసుధైక కుటుంబకం... అన్నీ దట్టించాను. "వ్యాపార సంబంధాలున్న దేశాలు యుద్ధానికి దిగవు" అని ధీమాగా రాసేశాను కూడా. దిద్దిన అన్న ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన ఒక్క ముక్క రాశాడు: "మరి 1914?"

ఒళ్లు మండింది. తీరా పుస్తకం తీస్తే ఆయన మాటే నిజం. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్, జర్మనీల మధ్య వ్యాపారం జోరుగా సాగేది. యుద్ధమొస్తే గెలిచినవాడికీ నష్టమేనని బ్రిటిష్ రచయిత నార్మన్ ఏంజెల్ అప్పటికే లెక్కలతో వాదించాడు. లెక్క సరిగ్గానే ఉంది, యుద్ధమే ఆగలేదు. ఆయనకు 1933 నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, 1939లో మళ్లీ యుద్ధం!

ఆ తర్వాత 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, మరో నాలుగు దేశాలు తమ బొగ్గు, ఉక్కును ఒక ఉమ్మడి సంస్థ చేతికి అప్పగించాయి. ఫిరంగులు తయారయ్యేది ఆ ఉక్కుతోనే కదా. పాత శత్రువులిద్దరూ ఒకే నిబంధనకు తలొగ్గారు. వ్యాపారం ఒక్కటే చాలదు, ఉమ్మడి నిబంధన కూడా కావాలి: నా ఎస్సేకి వెన్నెముక అక్కడ దొరికింది.

సంక్షేమం దగ్గరికొచ్చేసరికి మనందరం లాభాలు, నష్టాలు అని రెండు సైడ్ హెడింగ్‌లు పెట్టేస్తాం. నేను మందులు ఒక్కటే పట్టుకున్నాను. ఎయిడ్స్ రోగికి మందులకే ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా అవుతున్న కాలంలో, 2001లో మన మందుల కంపెనీ సిప్లా ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది. అడ్డం వచ్చింది పేటెంట్లు, అంటే కొత్త మందులపై కంపెనీలకుండే గుత్తహక్కులు. డబ్ల్యూటీఓ ఒప్పందం వాటిని ఇంకా బిగించింది. అదే ఏడాది నవంబరులో దోహాలో జరిగిన డబ్ల్యూటీఓ సమావేశంలో, ప్రజారోగ్యం కోసం ఆ నిబంధనల్లోని వెసులుబాట్లు వాడుకోవచ్చని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. చవక మందును సరిహద్దు దాటించేదీ, ఆపేదీ ఆ నిబంధనలే అని చూపిస్తే చాలు, విశ్లేషణ దానంతటదే వస్తుంది. 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయిన ఘటనకు ఒక్క పేరా ఇచ్చాను, అంతే.

ఉపోద్ఘాతానికి కొటేషన్లు వెతకడం మానేశాను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమ్మ ఫోన్ చేసి "సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ రెండొందలు దాటిందిరా" అంది. ఆ మాటతోనే ఎస్సే మొదలుపెట్టి, మళ్లీ రాసి అన్నకిచ్చాను. ఈసారి ఎర్రసిరాతో ఒకటే ఉంది: "చేతిరాత కాస్త బాగుచేసుకో."