బైబిల్లో 15వ వచనం దాటేసి 16కి పోతే ఎట్ల?

ముందే చెప్తున్నా, ఇది మా ఇంటి సంగతే, ఎవరినీ ఎత్తిపొడవడానికి రాయట్లేదు.

మాది తిరుపతి, కొర్లగుంట. నెలకో శుక్రవారం మా మేడ మీద క్రైస్తవులం కలిసి చేసుకునే ఉపవాస ప్రార్థన కూడిక ఉంటాది. అది మార్చి నెల, ఇంటర్ పరీక్షల టైం, మావాళ్ళు స్పీకర్ బాక్సు తెచ్చి సరిగ్గా రోడ్డు వైపుకి తిప్పి పెట్టినారు, తొమ్మిదిన్నర దాటినా పాటలు ఆగలేదు. ఎదురింటాయన మెట్లెక్కి వచ్చి అరిచినాడు, "మీ ఇల్లు మీకు చాల్లేదాప్పా, వీధంతా వినాల్నా?" అని. ఇంకో రెండు మాటలు ఎక్కువే అన్నాడు, మా మతం గురించి కూడా. ఆయన వెనకాల మెట్ల మీద వాళ్ళ పాప నిలబడి ఉంది, రెండు చెవుల్లో దూది.

ఆయన దిగిపోయినాక ఎవరో "హింస మొదలైంది, భక్తులకి శ్రమలు తప్పవు" అన్నారు, అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నా. అయిదు నిమిషాల్లో ఆయన సైతాను పనిముట్టు అయిపోయినాడు. కొండకి పోయొచ్చినప్పుడల్లా, మేము ప్రసాదం తినమని గుర్తుపెట్టుకుని మా పిల్లలకి విడిగా జామకాయలు తెచ్చే మనిషి ఆయన.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్లో మొదటి పేతురు, అంటే అపొస్తలుడు పేతురు రాసిన మొదటి ఉత్తరం, 4వ అధ్యాయం తీసినా. 14లో క్రీస్తు నామం కోసం నిందపాలైతే ధన్యులు అని ఉంది, 16లో క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడొద్దని ఉంది, ఈ రెండూ మనం స్టేటస్‌లో పెట్టుకుంటాం. మరి మధ్యలో 15? నరహంతకుడు, దొంగ, దుర్మార్గుడు, ఆ లిస్టు చివర్న "పరులజోలికి పోవువాడు". హంతకుడున్న బెంచీ మీదే వీణ్ణీ కూర్చోబెట్టినాడు పేతురు! గ్రీకులో ఆ మాట అల్లొట్రిఎపిస్కొపోస్, కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడొక్క చోటే వస్తాది. ఎపిస్కొపోస్ అంటే అధ్యక్షుడు, పైనుండి చూసుకునేవాడు, కలిపి చదివితే తనది కాని దానికి అధ్యక్షుడైనవాడు. ఆ శుక్రవారం ఎదురింటోళ్ళ నిద్రకి మేము అధ్యక్షులమైపోయినాము.

పేతురు ఉత్తరం పోయిన చోట్లలో పొంతు, బితూనియ ఉన్నాయి, ఇప్పటి టర్కీలోవి. సుమారు క్రీ.శ. 112లో అక్కడ రోమా గవర్నరుగా ఉన్న ప్లినీ, రోమా చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అందులో ఆయన సందేహం ఏందంటే, వీళ్ళని క్రైస్తవులన్న పేరుకే శిక్షించాలా, ఆ పేరుతో చేసే నేరాలకా? విచారిస్తే తేలింది ఇంతే, తెల్లారకముందే కూడుకుంటారు, క్రీస్తుకి పాట పాడతారు, దొంగతనం చేయం, వ్యభిచారం చేయం, మాట తప్పం అని ఒట్టు పెట్టుకుంటారు. అయినా పేరు వదలనోళ్ళని చంపించినాడు. "ఆ పేరును బట్టియే" అని 16లో ఉండేది ఇట్లాంటోళ్ళకి. పేరు తప్ప వాళ్ళ మీద ఇంకేం దొరకలేదు.

అట్లాంటిది ఇప్పుడు జరగదు అనను. మా తమ్ముడు బాడుగ ఇంటికోసం తిరుగుతా ఉంటే, అడ్వాన్సు మాట్లాడుకున్నాక ఓనరమ్మ "మీరు ప్రార్థనలకి పోతారా" అని అడిగింది, అవునన్నాడు, మర్నాడు ఫోన్ చేసి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేసినాం అంది. టు-లెట్ బోర్డు ఇంకో నెల అట్లే వేలాడింది. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు. వాడు పేరు దాచలేదు, ఆమెని తిట్టనూ లేదు. ఇంకా ముదిరి కొట్టడానికి వస్తే కేసు పెట్టుకోవచ్చు, అది విశ్వాసం లేకపోవడం కాదప్పా, కొరడాలతో కొట్టబోతే అపొస్తలుడు పౌలే నేను రోమా పౌరుణ్ణి అని చట్టం గుర్తుచేసినాడు (అపొస్తలుల కార్యములు 22:25). మనకి రాజ్యాంగంలో మత స్వేచ్ఛ ఇచ్చే 25వ ఆర్టికల్ ఉంది. అది ఎదురింటాయనకీ ఉంది, శాంతిభద్రతలకి లోబడి అని కూడా అందులోనే ఉంది.

పొద్దున్నే ఆయన దగ్గరికి పోయినా. "అన్నా, రాత్రి తప్పు మాదే" అన్నా. "నేనూ నోరు జారినాలేప్పా" అన్నాడు. మీలో ఉన్న నిరీక్షణ (ఆశ) గురించి ఎవరు అడిగినా సాత్వికంగా సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని మొదటి పేతురు 3:15లో ఉంది కదా, అడుగుతాడేమోనని రోడ్డు దాటేలోపల మాటలు సర్దుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే, సోమవారం పాపకి ఫిజిక్స్, ఆలోపల ఇంకో కూడిక ఏమన్నా ఉందా అని.

లేదన్నా.