గుడ్లు చావవు

కొత్త ఆకుపచ్చ జోవాల (చిన్న పూలలా గుంపుగా పెరిగే మెత్తని సముద్రజీవులు, పగడాల చుట్టాలు) కాలనీ సరిగా విచ్చుకోవడం లేదని ఇదివరకే రాశాను. కారణం ఈ రాత్రి దొరికింది. కొత్తగా తెచ్చినవాటిని విడిగా ఉంచే క్వారంటైన్ టబ్బు లైటు ఆరిన చాలాసేపటికి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే, పాలిప్పుల (కాలనీలోని ఒక్కో పువ్వు లాంటి జీవి) నడుమ ఒకటి మెల్లగా కదులుతూ కనిపించింది. అది జోవాలను తినే నుడిబ్రాంక్, అంటే పెంకు లేని ఒక చిన్న సముద్రపు నత్త. ఏ కాలనీని తింటే ఆ కాలనీ రంగునే ఒంటికి పట్టించుకుంటుంది, వీపు మీది కుచ్చులు కూడా పాలిప్పు అంచుల్లాగే ఉంటాయి కనుక, పగలు కళ్ళెదుట ఉన్నా పోల్చుకోలేము.

పగడాలు పెంచే పెద్ద తొట్టిలోకి ఆ కాలనీని ఇంకా మార్చలేదు కాబట్టి అక్కడి జోవాలు, మష్రూమ్ పగడాలు, లెదర్ కోరల్ క్షేమంగా ఉన్నాయి. సంతోషించవలసిన సంగతే. కానీ నన్ను పడుకోనివ్వనిది ఆ కాలనీని అమ్మిన దుకాణదారు ఇచ్చిన జవాబు. హైదరాబాదు నుంచి పంపే ముందే డిప్ చేశామని (అంటే పురుగులు పోయేలా మందు కలిపిన నీళ్ళలో ముంచామని), కాబట్టి ఆ పురుగు మా ఇంట్లోనే పుట్టి ఉంటుందని ఆయన ఫోనులో తేల్చి చెప్పాడు. అప్పుడే కలిపిన ఉప్పునీళ్ళు తప్ప మరేమీ లేని టబ్బులో అది ఎక్కడి నుంచి పుడుతుంది? అయొడిన్ డిప్పులో ముంచితే తిరిగే పురుగు రాలిపోతుంది, అది నిజమే. కాలనీ అడుగున, పాలిప్పుల మొదళ్ళ చాటున జిగురులో చుట్టలుగా పెట్టిన గుడ్లను మాత్రం ఆ మందు ఏమీ చేయదు. అవి తరువాత తీరిగ్గా పొదుగుతాయి, పిల్లలు మళ్ళీ తినడం మొదలుపెడతాయి. ఆక్రోపోరా అనే గట్టి పగడాలను తినే చదును పురుగు విషయంలోనూ ఇదే కథ: తిని వదిలేసిన తెల్లని అస్థిపంజరం మీద గుడ్లు పెడుతుంది, డిప్పులు వాటి జోలికి పోవు. (గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు కనుక మన దేశంలో ఆక్రోపోరాను ఇంట్లో పెంచకూడదు. పెంచమని అడిగేవారికి నా సమాధానం ఎప్పటికీ అదే.) వ్యాపారం చేసేవారికి ఇదంతా తెలియదని నేను నమ్మను. ఒకసారి ముంచి, కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ ముంచి, అప్పుడు అమ్మాలంటే సరుకు నిలిచిపోతుంది. ఆ భారాన్ని కొన్నవారి మీదికి నెట్టి, నింద కూడా వారి మీదే వేయడం నాకు చాలా కష్టంగా ఉంది.

ఆయన అంతటితో ఆగలేదు. పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మూతెడు కలిపి ముంచమని, మీ వరంగల్‌లో ఏ పురుగుమందుల దుకాణంలోనైనా దొరుకుతుందని సలహా ఇచ్చాడు. విదేశాల్లో కొందరు ఆ మందును డిప్పుగా వాడుతున్న మాట నిజమే. అయితే కడగడంలో కొంచెం మిగిలి పెద్ద తొట్టిలోకి చేరినా రొయ్యలూ పీతలూ చచ్చిపోతాయి.

పత్తి అనగానే నాకు బాపు గుర్తుకు వచ్చాడు. 1997లో పరకాల వైపు మా చేనులో లద్దె పురుగు పడినప్పుడు నేను చిన్నదాన్ని. ఆ ఏడు ఓరుగల్లు జిల్లా అంతటా లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చిపెట్టాయి. ఏళ్ళ తరబడి కొట్టిన మందులకు పురుగు అలవాటుపడిపోయింది, రెండు మూడు మందులు కలిపి కొట్టినా చావలేదు. అప్పు తెచ్చి మందు కొన్నవారిలో ఎందరో ఆ చలికాలం ఆ మందే తాగారు. మా వాడకట్టులో ఏడుపు వినబడిన రాత్రి అమ్మ మమ్మల్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. బాపు మాత్రం చీకటి పడ్డాక బ్యాటరీ పట్టుకుని చేనికి పోయేవాడు, నన్ను వెంట తీసుకుపోయేవాడు. లద్దె పురుగు తల్లి ఆకు అడుగున గుడ్లను కుప్పగా పెట్టి పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. గట్టు మీద ఎరగా వేసిన ఆముదం చెట్ల ఆకులను ముందు తిప్పి చూసి, తరువాత పత్తి సాళ్ళలోకి దిగి, అలాంటి ఆకును తెంపి కిరసనాయిలు నీళ్ళ బకెట్టులో వేసేవాడు. "పురుగును ఎన్ని దినాలు కొడ్తవ్ బిడ్డా, గుడ్డును దేవులాడు" అనేవాడు. చేను పూర్తిగా దక్కలేదు. శనగపచ్చ పురుగు గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది, వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ ఏడు బాపు అప్పు చేసి మందు కొనలేదు.

సాయంత్రం నాకు వచ్చిన ఆలోచన వేరు. మందుల జోలికి పోకుండా ఒక పసుపు రాస్ చేపను తెచ్చి వదిలితే అదే ఏరుకుని తింటుందని అనుకున్నాను, ఈ టపాను కూడా ఆ మాట చెప్పడానికే మొదలుపెట్టాను. ఇప్పుడు అది సరిపోదనిపిస్తోంది. ఆ రాస్ చీకటి పడగానే ఇసుకలోకి దూరి పడుకుంటుంది, నుడిబ్రాంక్ బయటికి వచ్చేది ఆ తరువాతనే. గుడ్లు ఉండేది కాలనీ అడుగున, చేప మూతి అందని చోట. పెద్ద తొట్టిలో కాపలాకు అది పనికి రావచ్చు, ఈ కాలనీని మాత్రం కాపాడలేదు.

అత్తమ్మ "మసిలే నీళ్ళు పోస్తే సావయా?" అని అడిగింది. పురుగులు చస్తాయి, మనకూ ప్రమాదమే అని వివరంగా చెప్పాను. ఈ జాతి పాలిప్పుల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండవచ్చు. 1971లో హవాయిలో దీన్ని వీటి దగ్గరి చుట్టమైన పాలిథోవా నుంచి వేరుచేశారు. జోవాలున్న రాయిని మరిగిస్తే ఆ విషం ఆవిరితో గాలిలో కలుస్తుంది, అలా చేసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా నేను జోవాలను ముట్టుకోను.

కాలనీని పారేయాలని ఫోను పెట్టేశాక కోపంలో అనిపించింది. పారేయను. రేపు దాన్ని ప్లగ్గు (అది అతుక్కుని ఉన్న చిన్న దిమ్మ) నుంచి మెల్లగా ఊడదీసి, ఆ ప్లగ్గును పారేసి, అడుగు భాగాన్ని భూతద్దం కింద చూస్తూ మెత్తని బ్రష్షుతో గుడ్లు తీసి, అయొడిన్ డిప్ ఇచ్చి, 26 డిగ్రీల వేడి, 1.025 సాంద్రత ఉన్న కొత్త నీటిలో పెడతాను. తరువాత వారానికొకసారి డిప్, ప్రతి రాత్రి టార్చితో వెతుకులాట. ఒక నెల పాటు పురుగు గానీ గుడ్డు గానీ కనిపించకపోతేనే పెద్ద తొట్టిలోకి మారుస్తాను. వెనక అర్రలో ఆ టబ్బు బతుకమ్మ పండుగ దాకా అడ్డంగానే ఉంటుందని పొద్దున అత్తమ్మకు చెప్పాలి.