కోటి రూపాయల కూపే: ఎం2ని పోటీ కార్ల పక్కన పెట్టి తూచిన నా అనుభవం

కోటి రూపాయల బడ్జెట్‌లో మన దేశంలో కొత్త రెండు తలుపుల పెర్ఫార్మెన్స్ కూపే కావాలంటే షోరూంలో దొరికేది దాదాపు బీఎండబ్ల్యూ ఎం2 ఒక్కటే. 2023లో వచ్చినప్పుడు ఎక్స్-షోరూం 98 లక్షలు. 2024 నవంబర్‌లో మార్పులతో మళ్లీ వచ్చినప్పుడు 1.03 కోట్లు. అదే డబ్బుకి పోటీ కావాలంటే రెండు దారులున్నాయి. నాలుగు తలుపులకు సరే అనుకుంటే మెర్సిడెస్-ఏఎంజీ సీ43, ఆడీ ఆర్ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ వైపు వెళ్లొచ్చు. రెండు సీట్లు చాలనుకుంటే కొన్నేళ్లు నడిచిన పోర్షె 718 కేమన్ వెతుక్కోవచ్చు. 718 ఉత్పత్తి 2025లో ఆగిపోయింది కాబట్టి ఇకపై కేమన్ అంటే సెకండ్ హ్యాండే. నా చివరి జాబితాలో ఈ నాలుగే మిగిలాయి. వీటిని పోల్చడానికి పట్టిన పద్ధతి, ఎక్కడెక్కడ లెక్క తప్పుతుందో రాస్తున్నాను.

మొదట ధర సంగతి. ఎక్స్-షోరూం ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. తెలంగాణలో ఈ శ్రేణి కార్లకు లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తగ్గదు. 1.03 కోట్ల మీద 18 శాతమే వేసుకున్నా 18.5 లక్షలు. పది లక్షలు దాటిన కారుకి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కడతాం, అది ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఇన్సూరెన్స్ కూడా కలిపేసరికి కోటి పాతిక లక్షలు దాటుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ పోయి జీఎస్టీ 40 శాతంగా మారింది కాబట్టి అంతకుముందు రాసుకున్న కొటేషన్లు పనికిరావు, కొత్తవి తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ కేమన్లు ఎక్కువగా ముంబై, ఢిల్లీ రిజిస్ట్రేషన్ మీదే దొరుకుతాయి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి మన రాష్ట్రంలోకి వచ్చాక 12 నెలల్లోపు నంబరు మార్చుకోవాలి. బేరం ఈ ఖర్చంతా కలిపిన అంకె మీదే చేయాలి. చౌకగా కనబడే కేమన్ ఇక్కడే ఎం2 ధరకు దగ్గరగా వచ్చేస్తుంది.

కాగితం మీద చూస్తే ఎం2కి తిరుగులేదు. ఎస్58 అనే 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్ల ఇంజిన్ 480 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆటోమేటిక్‌లో 600, మాన్యువల్‌లో 550 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆటోమేటిక్ సున్నా నుంచి వందకి 4 సెకన్లు. ఆర్ఎస్5 450 హార్స్‌పవర్‌తో 3.9 సెకన్లు, సీ43 408తో 4.6, 2.0 లీటర్ల కేమన్ 300తో 4.9. ఈ వరుసకి నేను పెద్దగా విలువ ఇవ్వలేదు. సున్నా నుంచి వంద అంకె ఒక్కసారి తీసిన పరుగు సంగతే చెబుతుంది. కారు వేడెక్కాక, టైర్లు నలిగాక, రోడ్డు పాడయ్యాక ఎలా ఉంటుందో దాంట్లో ఉండదు.

అందుకే బరువు నుంచి మొదలుపెట్టాను. ఎం2 సుమారు 1,700 కిలోలు, పీడీకే (పోర్షె వారి రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న కేమన్ 1,365. గంటకి 180 కిలోమీటర్ల వేగంలో ఎం2ని పూర్తిగా ఆపాలంటే బ్రేకులు సుమారు 2.1 మెగాజౌల్స్ శక్తిని వేడిగా మార్చాలి. కేమన్‌కి 1.7 చాలు. అంటే ప్రతి గట్టి బ్రేకుకీ ఎం2 డిస్కుల మీద దాదాపు పాతిక శాతం ఎక్కువ వేడి పడుతుంది. బీఎండబ్ల్యూ ముందు 380, వెనక 370 మిల్లీమీటర్ల డిస్కులు వేసింది ఈ బరువు కోసమే. ఒకటి రెండు బ్రేకులకు తేడా తెలియదు. చెన్నై దగ్గరి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ లాంటి 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద గట్టిగా నాలుగో ల్యాప్ తిప్పితే తెలుస్తుంది.

ఇక టెస్ట్ డ్రైవ్. చాలామంది కార్లను పోల్చుతున్నామనుకుని టైర్లను పోల్చి వస్తారు. కారు తీసుకున్న వెంటనే నేను చూసేది టైర్ పక్కగోడ. డాట్ కోడ్ చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2321 అంటే 2021లో 23వ వారం. మచ్చలు లేకుండా మెరుస్తున్నా ఐదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడుతుంది, పట్టు తగ్గుతుంది. ఆ కారు మూలమలుపులో జారితే తప్పు చాసిస్‌ది (కారు అడుగు నిర్మాణానిది) అనుకుంటాం. తర్వాత కంపెనీ ఆమోదించిన గుర్తు ఉందో లేదో చూడాలి: బీఎండబ్ల్యూకి నక్షత్రం, పోర్షెకి ఎన్ అక్షరం, మెర్సిడెస్‌కి ఎంఓ, ఆడీకి ఏఓ. ఒకే బ్రాండ్, ఒకే మోడల్ టైర్ అయినా గుర్తును బట్టి లోపలి అల్లిక, రబ్బరు మిశ్రమం మారతాయి.

గాలి కూడా ముఖ్యమే. షోరూం కార్లలో గాలి ఎంతుందో ఎవరూ పట్టించుకోరు. సొంత డిజిటల్ గేజ్ తీసుకెళ్లి, చల్లగా ఉన్నప్పుడే డోర్ పిల్లర్ మీది స్టిక్కర్‌లో రాసినంత పెట్టించాను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారుకీ పొద్దున సెల్లార్లోంచి తీసిన కారుకీ ఈ ఒక్క కారణంతో రైడ్ మారిపోతుంది. కాబట్టి నాలుగు కార్లనూ పొద్దున ఒకే వేళకి నడపాలి.

పెట్రోల్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. ట్యాంక్ మూత లోపల ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది. టెస్ట్ కార్లలో అంతకంటే తక్కువ ఆక్టేన్ పోస్తే నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఇంజిన్ కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది. ముఖ్యంగా టర్బో ఇంజిన్లలో, ఎండాకాలంలో ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. ఏం పోశారో అడగండి. కుదిరితే మూతలో రాసిన ఆక్టేన్ మీరే పోయించండి. ఆ ఖర్చు ఈ నిర్ణయం ముందు చిన్నది.

మోడ్‌లు కూడా సమం చేయాలి. సేల్స్ వాళ్లు కారు అప్పగించేటప్పటికే అన్నీ స్పోర్ట్ ప్లస్‌లో ఉంటాయి. ఎం2లో ఇంజిన్, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), స్టీరింగ్, బ్రేక్ పెడల్ స్పందన విడివిడిగా మార్చుకోవచ్చు. నేను అన్ని కార్లలోనూ ఇంజిన్ స్పోర్ట్‌లో, డ్యాంపర్లు మెత్తటి స్థాయిలో, స్టీరింగ్ తేలిక స్థాయిలో పెట్టి మొదలుపెట్టాను. మెత్తటి సెట్టింగ్‌లో బాడీ అదుపులో లేని కారుని గట్టి సెట్టింగ్‌లో పెడితే గతుకులు పెరుగుతాయి గానీ గుణం మారదు.

మన రోడ్ల దగ్గరికి వస్తే స్పీడ్ బ్రేకరే అసలు పరీక్ష. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. దాని మీద ఈ కార్లన్నీ నెమ్మదిగా దాటతాయి. కాలనీల వాళ్లు సొంతంగా వేసుకున్న నిటారు సిమెంటు దిమ్మెల దగ్గరే ఇబ్బంది. దీనికి వాడే పద్ధతి తేలిక: ముందు బంపర్ కింది అంచుకీ, రెండు చక్రాల మధ్య సైడ్ స్కర్ట్ కింద మధ్య భాగానికీ పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్ అంటించండి. మీ ఇంటి దారిలో ఉన్న బ్రేకర్లన్నీ ఇద్దరు కూర్చుని దాటండి. తిరిగొచ్చాక టేప్ చూడండి. బంపర్ దగ్గర చిరిగితే అది ఎక్కే కోణం సమస్య, ఏటవాలుగా దాటితే చాలావరకు తప్పుతుంది. మధ్యలో చిరిగితే వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) సమస్య. ఎం2 వీల్‌బేస్ 2,747 మిల్లీమీటర్లు, కేమన్‌ది 2,475. పొట్టిగా ఉన్న కారు నిటారు దిమ్మె మీద పొట్ట ఆనకుండా దాటే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో కేమన్ నేను అనుకున్నదానికంటే చాలా మెరుగ్గా నిలబడింది. సెల్లార్ ర్యాంపు కూడా ఇలాగే పరీక్షించాలి, దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు విడివిడిగా.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీద గరిష్ఠ పరిమితి గంటకి 120 కిలోమీటర్లు. ఆ వేగంలో చూడాల్సింది పరుగు మీది దమ్ము కాదు, ఇంజిన్ ఆయిల్ వేడెక్కడం. ఎం2 టాకోమీటర్ (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటర్) మీద ఎర్ర హద్దు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కిందకి ఉండి, వేడెక్కేకొద్దీ పైకి జరుగుతుంది. అది పూర్తిగా జరగకముందు గట్టిగా తొక్కకూడదు. తర్వాత గచ్చిబౌలి వైపు దిగి సాయంత్రం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు పాకించాలి. ఏసీ చల్లదనం తగ్గుతోందా, సిగ్నల్ దగ్గర గేర్‌బాక్స్ గుద్దుతోందా, ఆపాక ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతోంది, చూడాల్సినవి ఇవే. సీ43లో తొమ్మిది గేర్ల బాక్స్‌కి టార్క్ కన్వర్టర్ (నూనె ప్రవాహంతో ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించే భాగం) బదులు నూనెలో మునిగిన క్లచ్ ఉంటుంది. పాకుడు వేగంలో అది కన్వర్టర్ అంత నునుపుగా ఉండదు. ఎం2 ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఈ పనిలో నాలుగింటిలోకీ బాగుంది. ఎం2 మాన్యువల్ కూడా మన దగ్గర దొరుకుతుంది, ఆ గేర్ లివర్ మీద నాకు మమకారం ఉంది, కానీ రోజూ ఆఫీసుకి వెళ్లే దారి నగరంలోంచే అయితే ఆటోమేటిక్ తీసుకోమనే చెబుతాను.

మలుపుల్లో నాలుగింటి స్వభావం వేరు. ఆర్ఎస్5లో వీ6 ముందు ఇరుసు కంటే ముందుకి ఉంటుంది. క్వాట్రో (ఆడీ వారి నాలుగు చక్రాల డ్రైవ్) పట్టు వల్ల తడి రోడ్డు మీద ఎంతో భరోసా ఇస్తుంది గానీ గట్టిగా తిప్పితే ముక్కు బయటికి పోతుంది. సీ43లో వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరుగుతాయి కాబట్టి పార్కింగ్‌లో హాయి. ఎం2 వెనక చక్రాలతోనే నడుస్తుంది, వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు బలం పంచే గేర్లు) ఎలక్ట్రానిక్‌గా లాక్ అవుతుంది, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌కి పది స్థాయిలున్నాయి. వానలో 600 న్యూటన్ మీటర్లని లెక్కచేయకపోతే ప్రమాదం. వర్షాకాలంలో ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయకండి. కేమన్‌లో ఇంజిన్ సీటు వెనకే ఉంటుంది. స్టీరింగ్ తిప్పిన క్షణంలో కారు మొత్తం ఒకేసారి తిరుగుతుంది. ఆ అనుభూతి మిగిలిన మూడింటిలో లేదు. నాలుగు సిలిండర్ల శబ్దం మాత్రం ఆ చాసిస్ స్థాయికి తగ్గట్టు లేదు.

ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి) వెళ్లాలనుకునేవాళ్లు బ్రేక్ ఫ్లూయిడ్ చూసుకోవాలి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉంటే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అప్పుడు ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తబడుతుంది. మన తేమకి రెండేళ్లకోసారి మార్చాల్సిందే, ట్రాక్‌కి వెళ్లే ముందు అయితే తప్పకుండా. మూడు నాలుగు గట్టి ల్యాప్‌లు, తర్వాత బ్రేకు దాదాపు ముట్టకుండా ఒక చల్లార్చే ల్యాప్, ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో ఉంచడం, ఇది ఎం2 లాంటి బరువైన కారుకి మరీ అవసరం.

సెకండ్ హ్యాండ్ కేమన్ తనిఖీలో ఎక్కువ సమయం పెట్టండి. పెయింట్ మందం గేజ్ కొనేటప్పుడు అల్యూమినియం కూడా చదివేది తీసుకోండి. కేమన్ తలుపులు, ముందు మూత అల్యూమినియం, అయస్కాంతంతో పనిచేసే చౌక గేజ్ వాటి మీద ఏమీ చెప్పదు. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ పెయింట్ వేశారు, 400 దాటితే పుట్టీ ఉందనుకోవాలి. ఒక్క ప్యానెల్ తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, కానీ ముందు మూతతో పాటు రెండు ఫెండర్లూ తేడాగా ఉంటే బండి వదిలేయడమే మంచిది.

డిస్కు మధ్య భాగం మీద కనీస మందం చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచి దానితో పోల్చాలి. కంటితో చూస్తే అంచు దగ్గర గట్టు ఒక్కటే కనిపిస్తుంది, అసలు అరుగుదల తెలియదు. తర్వాత కంపెనీ వర్క్‌షాప్‌లో ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఓవర్-రెవ్ రిపోర్ట్ తీయించండి. ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో ఒకటి నుంచి ఆరు శ్రేణులుగా, ఏ పనిగంటలో (ఇంజిన్ మొత్తం నడిచిన గంటల లెక్కలో) జరిగిందో కూడా వస్తుంది. పై శ్రేణుల్లో ఈమధ్యే నమోదైన అంకెలుంటే కొనకూడదు. ఆ పనిగంటల్ని ఓడోమీటర్‌తో కలిపి చూస్తే మీటర్ వెనక్కి తిప్పారో లేదో కూడా బయటపడుతుంది. ఈ రిపోర్ట్ ఇవ్వనన్న అమ్మకందారు దగ్గర ఎంత తగ్గించినా తీసుకోకండి.

నడిపే ఖర్చులో టైర్లే పెద్దవి. ఎం2కి ముందు 275/35 ఆర్19, వెనక 285/30 ఆర్20. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మార్చి వేసుకోవడం కుదరదు, వెనకవి ముందుగా అరుగుతాయి. రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే రకం) కాదు, కాబట్టి ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (అరుగుదల కోత లేని కవర్), రిటర్న్ టు ఇన్వాయిస్‌తో (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే కవర్‌తో) పాటు టైర్ కవర్ కూడా వేయించాలి. రోడ్డు సహాయం అడిగేటప్పుడు ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని పైకెక్కించుకునే ట్రక్) అని స్పష్టంగా చెప్పి బుక్ చేయాలి. వెనక చక్రాలు నేల మీద పెట్టి లాగితే గేర్‌బాక్స్ పోతుంది.

ఇంట్లో ఒకే స్పోర్ట్స్ కారు, అప్పుడప్పుడు వెనక పిల్లలు, వారాంతంలో శ్రీశైలం ఘాట్: ఇలాంటి వాడకానికి నా తీర్పు ఎం2 ఆటోమేటిక్. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది కేవలం నడపడం కోసమే అయితే మంచి చరిత్ర ఉన్న కేమన్ ముందుంటుంది, 180 హార్స్‌పవర్ తక్కువైనా సరే. కుటుంబ సెడాన్ కావాలి, వేగం అదనం అనుకుంటే సీ43. ఆర్ఎస్5 వానరోజు కారు.

ఎం2 కొత్తది తీసుకుంటే మొదటి 2,000 కిలోమీటర్లు 5,500 ఆర్‌పీఎం, 170 వేగం దాటకూడదు. అప్పుడు ఇంజిన్ ఆయిల్‌తో పాటు డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్పించి, రెండూ సర్వీస్ రికార్డులోకి ఎక్కాయో లేదో చూసుకోవాలి. డెమో కారుని తగ్గింపు మీద ఇస్తామంటే మొదట అడగాల్సింది ఆ రికార్డే. మొదటి రోజు నుంచే దొరికినవాళ్లందరూ తొక్కిన ఇంజిన్ అది, ఆ 2,000 సర్వీస్ జరగకపోతే ఎంత తగ్గించినా వద్దనండి.