డెన్మార్క్ వీధి లోహపు పనివాడు

ఇంగ్లండు రేవు ఊరైన పోర్ట్స్‌మత్‌లో నేను చేసే పని ఏమిటో ఫోనులో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చాలాకాలం చేతకాలేదు. పొగలోకి, విషవాయువులు నిండిన ట్యాంకుల్లోకి వెళ్ళేవాళ్ళు ముఖానికి తగిలించుకునే శ్వాస పరికరాలను విప్పి, కడిగి, పరీక్షించి, మళ్ళీ బిగించి, చీటీ మీద నా పొడి అక్షరాలు రాసి పంపడమే నా ఉద్యోగం. వాటిని తొడుక్కునే మనిషి నాకు కనబడడు, నేను అతనికి కనబడను. విశాఖలో ఓడల మరమ్మతు చేసిన రోజుల్లో బిగించిన పైపు పనిచేస్తుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోయేది. ఇక్కడ అలా కాదు.

చేరిన మొదటి ఏడాదిలోనే ఒక పరికరాన్ని పక్కన పెట్టేశాను. వదిలిన ఊపిరి బయటికి పోయే వాల్వులో పలుచని రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని అంచు ఒకచోట గోరంత ముడుచుకుంది. పరీక్షలో ఒత్తిడి నిలవలేదు. మా సూపర్‌వైజరు నా మాట నమ్మక ఇంకొకరి చేత పరీక్ష చేయించాడు, రెండోసారీ నిలవలేదు. ఆయన ఏమీ అనకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు కలిగిన కష్టం చూసి కాబోలు, పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన ఒకడు, ఆదివారం ఫెర్రీ ఎక్కి గాస్‌పోర్ట్‌లోని డైవింగ్ మ్యూజియం చూసి రమ్మన్నాడు. ఆగస్టస్ సీబ్ అనే పేరు నేను మొదట విన్నది అక్కడే.

సీబ్ 1788లో సాక్సనీలో పుట్టిన జర్మను. ప్రష్యా ఫిరంగి దళంలో పనిచేసి, వాటర్లూ యుద్ధం ముగిశాక లండను చేరి, సోహోలోని డెన్మార్క్ వీధిలో 5వ నంబరు ఇంట్లో పనిశాల పెట్టుకున్నాడు. లోహపు పని, పంపుల పని ఆయన విద్య. నీటి కింద ఊపిరి తీసుకునే తొడుగును కనిపెట్టిన వాడిగా చాలామంది ఆయన పేరే చెబుతారు గాని, అది పూర్తి నిజం కాదు. మంటల పొగలోకి వెళ్ళేందుకు పనికివచ్చే రాగి శిరస్త్రాణానికి 1823లో పేటెంటు తీసుకున్నది చార్లెస్ డీన్ అనే ఆంగ్లేయుడు. పొగ కోసం పుట్టిన ఆ వస్తువును నీళ్ళలోకి దించింది చార్లెస్, అతని తమ్ముడు జాన్. వాళ్ళ కోసం శిరస్త్రాణాలు తయారుచేసి ఇచ్చిన పనివాడు సీబ్. నేను బాగుచేసే పొగ పరికరాలూ డైవర్ల తొడుగూ ఒక తల్లి పిల్లలేనని ఆరోజే తెలిసింది.

డీన్ సోదరుల తొడుగు పనిచేసే తీరు మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. చెంబును బోర్లించి నిటారుగా గంగాళంలో ముంచితే లోపలి గాలి లోపలే ఉంటుంది, కాస్త వంచితే బుడబుడమంటూ గాలి పోయి నీళ్ళు చేరతాయి. శిరస్త్రాణం ఆ చెంబు. పైన పడవలో చేతిపంపు కొట్టేవాళ్ళు గొట్టం ద్వారా గాలి పంపుతూ ఉంటే, ఎక్కువైనది శిరస్త్రాణానికి తగిలించిన చొక్కా అంచు కింద నుంచి బయటికి పోయేది. డైవర్ నిటారుగా నిలబడినంతసేపూ భయం లేదు. కాలు జారి పడితే మాత్రం శిరస్త్రాణంలోకి నీళ్ళు వచ్చేవి. అయినా ఆ తొడుగుతోనే 1836లో మేరీ రోజ్ ఓడ పడి ఉన్న చోటును వాళ్ళు పట్టుకున్నారంటే గుండెధైర్యానికి దండం పెట్టవలసిందే.

ఈ లోపాన్ని తీర్చడమే సీబ్ చేసిన అసలు పని. నీరు చొరని గుడ్డతో ఒళ్ళంతా కప్పే దుస్తును కుట్టించి, దానిని శిరస్త్రాణానికి సందు లేకుండా బిగించి, వాడిన గాలి బయటికి పోవడానికి మాత్రం ఒక వాల్వు పెట్టాడు. నీటిని లోపలికి రానీయకుండా గాలిని బయటికి పంపే ఏకముఖ ద్వారం అది. ఇలా బిగించమన్న సలహా జార్జ్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరుది అంటారు. అయితేనేం, సలహా ఒక వాక్యం, దానిని చుక్క నీరు కారని వస్తువుగా మార్చడం సంవత్సరాల చేతిపని. నా లెక్కలో ఆ రెండోదే బరువైనది. ఆ లెక్క నా వృత్తి పక్షపాతం అన్నా ఒప్పుకుంటాను.

1782లో మా ఊరి ఎదుటే, స్పిట్‌హెడ్‌లో, రాయల్ జార్జ్ అనే యుద్ధనౌక వందలాది మందితో మునిగిపోయింది. 1839 నుంచి కర్నల్ పాస్లీ నాయకత్వంలో సైనిక డైవర్లు ఆ శిథిలాలను తొలగించారు. రెండు రకాల తొడుగులనూ వాడి చూసిన ఆ పనిలోనే మూసిన తొడుగు నెగ్గింది. కాని ఆ పని అలవాటైన డైవర్లను కీళ్ళనొప్పులు పదేపదే పట్టుకున్నాయి. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి రాగానే బుడగలవుతుందని, ఆ నొప్పులకు అదే కారణమని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ వివరించినది 1878లో. నీటిని ఆపగలిగిన వాల్వు ఆ బుడగలను ఆపలేకపోయింది.

సీబ్ 1872లో అదే డెన్మార్క్ వీధి ఇంట్లో కన్నుమూశాడు. ఇప్పుడు ఆ గోడ మీద ఆయన పేరుతో నీలిరంగు స్మారక ఫలకం ఉంది. దాని ముందు నిలబడి అమ్మకు ఫోన్ చేసి, చెంబు కథ చెప్పి, నా పని ఏమిటో మరోసారి వివరించాను. "అయితే చెంబులోకి నీళ్ళు రాకుండా చూసేవాడివన్నమాట. అదేదో మొదటే చెప్పొచ్చు కదరా" అంది.