గులాబీ గోరింక ఫైలు

ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న నార్ఫోక్ కౌంటీలో నా ఉద్యోగం. అరుదైన పిట్టను చూశామని ఎవరైనా రాసి పంపితే ఆ కాగితాలు ముందు నా బల్ల మీదికే వస్తాయి. తేదీ, వెలుతురు, ఎంత దూరం నుంచి, ఏ బైనాక్యులర్‌తో, పోలిక ఉన్న మిగతా పిట్టలు కావని ఎలా తేల్చుకున్నారు, అన్నీ సరిచూసి కౌంటీ కమిటీకి ఫైలు పంపుతాను. దేశం మొత్తానికే అరుదైతే 1959లో ఏర్పడిన జాతీయ కమిటీకి వెళ్తుంది. అక్కడ పదిమంది ఓటేస్తారు.

సెలవుకి గుంటూరు వచ్చినప్పుడు మా బాబాయి అడిగాడు: "కళ్ళారా చూశానని పెద్దమనిషి సంతకం పెట్టి పంపితే, కాదనడానికి మీరెవర్రా?"

అక్కడా అడుగుతారు ఈ మాట, కోపంగానే. బాబాయికి ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న హేస్టింగ్స్ అనే ఊరి సంగతి చెప్పాను. 1892 నుంచి 1930 దాకా ఆ ఊరి చుట్టుపక్కల నమ్మలేనన్ని అరుదైన పిట్టలు దొరికినట్టు రికార్డులున్నాయి. గణాంక శాస్త్రవేత్త జాన్ నెల్డర్ వాటిని పొరుగు ప్రాంతాల లెక్కలతో పోల్చి చూస్తే ఎక్కడా పొసగలేదు. వేరే దేశాల నుంచి తెప్పించిన పక్షుల్ని అక్కడే కొట్టామని చెప్పి అమ్మారని అనుమానం. 1962లో ఈ సంగతి అచ్చయ్యాక జాతులు, ఉపజాతులు కలిపి 29 బ్రిటిష్ జాబితా నుంచి, అంటే ఆ దేశంలో కనిపించిన పక్షుల అధికారిక పట్టిక నుంచి పోయాయి. వాటిలో నిజంగా ఎగిరొచ్చినవీ కొన్ని ఉండే ఉంటాయి. కానీ వేరుచేసే దారి లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

"మేం ఆ పెద్దమనిషిని అబద్ధాలకోరు అనడం లేదు బాబాయ్. ఆయనెవరో ఎరగని మనిషి యాభై ఏళ్ళ తర్వాత చదివినా ఒప్పుకునేటంత కాగితం మీద ఉందా లేదా, అంతే చూస్తాం" అన్నాను.

ఈ పనిలో నాకు బాగా కలిసొచ్చింది గుంటూరు దగ్గరి మన ఉప్పలపాడు పక్షుల చెరువు. అందరూ అక్కడికి గూడబాతుల కోసం, ఎర్రకాళ్ళ కొంగల కోసం వెళ్తారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ చలికాలం సాయంత్రాలు చెరువు మీద దిగే గులాబీ గోరింకలంటే ప్రాణం. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లలు చేసి వేలకు వేలు మన దగ్గరికి వస్తాయి. ఇంగ్లండ్‌కైతే దారి తప్పినట్టు ఒకటీ అరా. పెద్ద పిట్ట సంగతిలో గొడవ లేదు. గులాబీ ఒళ్ళు, నల్లటి తల, ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా శరదృతువులో వచ్చే పిల్ల పిట్టతోనే. అది ఇసుక రంగులో ఉంటుంది. దీనికి చుట్టాలైన, అక్కడి మామూలు స్టార్లింగుల్లోనూ రంగు వెలిసినట్టు పుట్టేవి ఉన్నాయి. అందుకే నేను ఒంటి రంగు వదిలేసి ముందు ముక్కు చూస్తాను. గులాబీ గోరింక పిల్లకి ముక్కు పొట్టిగా, మొదలు దగ్గర పసుపుగా ఉంటుంది. మామూలు స్టార్లింగ్ పిల్లకి పొడుగ్గా, ముదురు రంగులో ఉంటుంది.

ఒకసారి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఫొటో లేకుండా పంపారు. కానీ పుస్తకం తెరవకముందే పెన్సిల్‌తో ముక్కు బొమ్మ గీసి, పసుపు ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టారు. కమిటీ ఒప్పుకుంది. అదే నెలలో, ముప్ఫై ఏళ్ళుగా పిట్టలు చూస్తున్నాయన పంపింది తిరిగి వెళ్ళింది. అందులో పిట్ట పేరు తప్ప ఏమీ లేదు. ఆయనకి ఉత్తరం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

పిట్టను సరిగ్గా గుర్తుపట్టినా, అది తనంతట తనే వచ్చిందా అన్నది వేరే లెక్క. తలమీద నల్ల పట్టీలతో హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే బార్‌హెడెడ్ బాతు ఇంగ్లండ్‌లో కనిపిస్తే, పెంపకం నుంచి తప్పించుకున్నదని, అసలు జాబితాలో లెక్కకు రాని 'ఇ' విభాగంలో రాస్తారు. మన రాష్ట్ర పక్షి రామచిలుక మాత్రం లండన్ పార్కుల్లో తరతరాలుగా పిల్లలు పెట్టి నిలదొక్కుకుంది కనుక 'సి' విభాగంలో, అసలు జాబితాలోనే ఉంది.

మొన్న ఉప్పలపాడు గట్టు మీద ఒక కుర్రాడు ఫోన్ చూపించాడు. మసకగా ఏదో తెల్లటి పక్షి.

"మన గూడబాతు కాదన్నా, ఇది బాగా తెల్లగా ఉంది."

"ముక్కు మీద మచ్చలున్నాయా తమ్ముడూ?"

"దూరంగా ఉంది, కనబళ్ళేదు."

"ఎగిరినప్పుడు రెక్కల కింద నలుపు?"

"ఎగరలేదన్నా."

ముక్కు మీద మచ్చలుంటే మన గూడబాతు, రెక్కల కింద నలుపుంటే తెల్ల గూడబాతు. ఆ రెండూ కనబడలేదన్న సంగతి అలాగే రాసుకోమన్నాను. టైము, ఏ గట్టు మీంచి చూశాడో కూడా రాసుకున్నాడు. ఇంతమాత్రంతో తెల్ల గూడబాతని రాయలేమని చెబితే నొచ్చుకోలేదు. రేపు పొద్దున్నే వచ్చి, అది లేచేదాకా కూర్చుంటానన్నాడు.